ఆడిలో విత్తు, పెరటాసిలో కోత



ఈ పూట బెండ గురించి మాట్లాడుకుందాం. ఎకరాల లెక్కన వేసి కోయంబేడు మార్కెట్టుకు బండెక్కించే బెండ కాదు. ఇంటి వెనక రెండు మంచాలు పట్టే జాగాలోనో, డాబా మీద సంచుల్లోనో వేసుకునే బెండ.

శోళవరం, పొన్నేరి, ఊత్తుకోట, తిరువళ్లూరు, అటు తిరుత్తణి దాకా ఉన్న తెలుగిళ్లను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. ఈ ఇళ్లలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బళ్లో నేర్చిన అక్షరం తమిళం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి. గీత ఎక్కడ గీసినా పంటల లెక్క మాత్రం ఈ చుట్టుపక్కల తమిళ నెలల మీదే సాగుతోంది. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు పూల కావడి మోసేవాళ్లలో తెలుగువాళ్లు ఎంతమంది! పెరటాసి శనివారాలు పట్టి నెలంతా మాంసం ముట్టని తెలుగిళ్లు ఎన్ని! అందుకే నేనూ తేదీలు ఆ నెలల్లోనే చెబుతాను. వినేవాళ్లకు అదే సులువు.

పెరట్లో బెండ సరిగా రాలేదని ఎవరన్నా చెబితే నేను ముందు ఎరువు సంగతి అడగను. ఎప్పుడు విత్తారని అడుగుతాను. చాలామంది చెప్పే జవాబు ఒకటే: ‘విత్తనాల పొట్లం చేతికొచ్చిన రోజున.’ సగం తెగుళ్లకు మూలం అక్కడే ఉంది.

ఆడి పద్దెనిమిదికి, అంటే ఆగస్టు 2వ తేదీనో 3వ తేదీనో, బెండ గింజ మట్టిలో ఉండాలి. ఆడి పట్టాన్ని, అంటే ఆడి అదనును, వెతికి మరీ విత్తమని తమిళుల సామెత. సామెత కదా అని కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు, లెక్క వేసి చూడండి. బెండ విత్తిన నలభై అయిదు, యాభై రోజులకు మొదటి కాయ ఇస్తుంది. ఆగస్టు 3న విత్తితే నలభై అయిదో రోజు సెప్టెంబరు 17. సరిగ్గా పెరటాసి పుట్టే రోజులు. ఇంట్లో కూరగాయలు రెట్టింపు కావలసిన నెల అది, బజారులో ధర చూస్తే కొనబుద్ధి కాని నెలా అదే. అక్కణ్ణించి ఈశాన్య ఋతుపవనం దిగేదాకా, అంటే మామూలుగా అక్టోబరు 20 ప్రాంతం దాకా, అయిదు వారాల కోత. మొక్క ఆయుష్షే మూడు నెలల పైచిలుకు. ఐప్పసి వానలు ముదిరి పెరడు చిత్తడి అయ్యేసరికి బెండ తన పని ముగించుకుని ఉంటుంది. మన తిరువళ్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. బెండ దేనినైనా కొంత ఓర్చుకుంటుంది గానీ వేరు దగ్గర నిలిచిన నీటిని ఓర్చుకోదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో ఎన్ని వీధులు నీళ్లలో నిలిచాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆలస్యంగా ఆవణి చివర్లో విత్తినవాళ్ల బెండ అలాంటి ఏట కాపు మధ్యలోనే మునుగుతుంది.

ఆడిలో ఇంకొక సౌకర్యం ఉంది. ఆ రోజుల్లో మనకు పగలంతా ఎండ, సాయంత్రం ఉరుములతో ఒక జల్లు. బెండ మొలవడానికి వెచ్చదనం కావాలి. నేల చల్లగా ఉంటే గింజ మొలవక కుళ్లుతుంది. ఇరవై అయిదు నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడి దానికి హాయి. కత్తిరి ఎండల్లో నలభై రెండు దాటితే మాత్రం పూలు రాలిపోతాయి. ఆడి ఆ రెంటికీ మధ్య పడే నెల.

తై, మాసి నెలల్లో, అంటే జనవరి చివర, ఫిబ్రవరిలో విత్తకూడదా? విత్తవచ్చు, రైతులు విత్తుతారు. పెరటివాళ్లకు నేను అంతగా సలహా ఇవ్వను. పొడి ఎండలు ముదిరేకొద్దీ తెల్లదోమ పెరుగుతుంది, నీళ్లు తగ్గుతాయి. నీళ్ల మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి.

శోళవరం చెరువు పక్కన ఉన్నంత మాత్రాన ఆ నీళ్లు మన పెరటికి రావు. అవి చెన్నై తాగే నీళ్లు. నగరి వైపు మనం కుశస్థలి అని పిలుచుకునే నది మీద 1944లో పూండి జలాశయం కట్టారు. దాని దిగువన తామరైపాక్కం ఆనకట్ట దగ్గర మళ్లిన నీరు శోళవరం చేరి, అక్కణ్ణించి పుళల్‌కు పోతుంది. 1983 ఒప్పందం మీద కట్టిన తెలుగు గంగ కాలువలో కండలేరు నుంచి కృష్ణా నీళ్లు 1996లో మన సరిహద్దుకు చేరాయి. అవీ ఆ దాహానికే. 2019 జూన్‌లో పూండి, శోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటినప్పుడు తాగడానికే లారీ కోసం బిందెలు వరుసలో పెట్టారు, మొక్కలకు ఎవరు పోస్తారు? అలాంటి ఏడాది బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు పట్టి పోసుకున్నవాళ్ల పెరళ్లే నిలిచాయి. బెండకు తల్లి వేరు లోతుగా దిగుతుంది కాబట్టి నేలలో వేసిన మొక్క వారానికి రెండు తడులతో బతుకుతుంది. సంచిలో వేసిన మొక్కకు ఆ వీలు లేదు. ఎండ రోజున దానికి లీటరు పైనే కావాలి.

మీంజూరు వైపు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ దశాబ్దాలుగా బావుల్లోంచి నగరానికి నీళ్లు తోడినందువల్ల సముద్రపు ఉప్పు భూమిలోపలికి చొచ్చుకొచ్చింది. బోరు నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలినా, తడి ఆరాక మట్టి మీద తెల్లటి పొర కట్టినా ఆ నీళ్లతో బెండ మొలకెత్తించకండి. పెద్ద మొక్క కొంత తట్టుకుంటుంది, మొలకకు ఆ శక్తి లేదు. అక్కడివాళ్లకు ఆడి జల్లు దేవుడిచ్చిన మంచినీళ్లు. మొదటి రెండు వారాలు వాన నీళ్లు పట్టి పోయండి, తరవాత బోరు నీళ్లు కలిపి ఇవ్వండి.

ఇప్పుడు మట్టి. మన ఊళ్లలో నిన్నమొన్నటిదాకా వరి పండిన మళ్లు ఇవాళ ఇళ్ల స్థలాలు. ఇల్లు కట్టేటప్పుడు కంకర, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు తోసి ఎత్తు చేస్తారు. పైన ఒక బండి ఎర్రమట్టి పోసి తోట అంటారు. బెండ తల్లి వేరు ఆ ఎర్రమట్టి దాటగానే సిమెంటు పెళ్లకు తగులుతుంది. సిమెంటు సున్నం వల్ల మట్టి క్షారం పట్టి ఆకులు పాలిపోతాయి, ఎంత ఎరువేసినా కోలుకోవు. అందుకని మోకాలి లోతు తవ్వి చెత్త ఏరి పారేయండి. ఈ ఒక్క పనికి బద్ధకించకండి. బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు గంపలు, గుప్పెడు గుప్పెడుగా వేపపిండి కలపండి. వేపపిండి ఎందుకంటే, ఇసుక కలిసిన నేలల్లో కంటికి కనపడని నులిపురుగులు బెండ వేళ్లలో దూరి ముడులు కట్టిస్తాయి. మొక్క నీళ్లున్నా మధ్యాహ్నం వాడిపోతూ ఉంటే ఒకదాన్ని పెరికి వేరు చూడండి. రుద్రాక్షల్లా ముడులు కనపడితే ఆ చోట మళ్లీ బెండ, వంకాయ, టమాటా వెయ్యకండి. ఒక పంట బంతి వేసి చూడండి.

డాబా మీద వేసేవాళ్లు తక్కువేం కాదు. 2013-14లో తమిళనాడు ప్రభుత్వం చెన్నై, కోయంబత్తూరు నగరాల్లో మేడతోటల కోసం సంచులు, కొబ్బరిపొట్టు, విత్తనాలు కలిపి రాయితీ మీద ఇచ్చాక ఈ అలవాటు మన దాకా పాకింది. మంచిదే. ఒకటే మాట: ఆకుకూరలకు ఇచ్చే బెత్తెడు లోతు సంచులు బెండకు పనికిరావు. అడుగు పైన, వీలైతే అడుగున్నర లోతు ఉండాలి. ఎర్రమట్టి ఒక వంతు, ఎరువు ఒక వంతు, కొబ్బరిపొట్టు ఒక వంతు. సంచి అడుగున చిల్లులు మూసుకుపోలేదు కదా అని వానకు ముందు చూసుకోండి.

ఎన్ని మొక్కలు వెయ్యాలి? ఇక్కడ కాస్త నిష్ఠురంగానే మాట్లాడతాను. నాలుగు సంచుల్లో నాలుగు బెండ మొక్కలు పెట్టి ఇంటికి సరిపోతుందనుకునేవాళ్లు రోజుకు రెండు కాయలు కోసి, అవి ఫ్రిజ్‌లో పోగయ్యేసరికి ముందు కోసినవి వడలిపోయి, చివరకు బజారుకు వెళతారు. ఒక బెండ మొక్క తన జీవితం మొత్తంలో ఇచ్చేది పావుకిలో పైచిలుకు, శ్రద్ధగా చూస్తే ఇంకో నూరు గ్రాములు. నలుగురున్న ఇంటికి వారానికి కిలో కాయ కావాలంటే ఇరవై, ఇరవై నాలుగు మొక్కలుండాలి. వరసకూ వరసకూ అడుగున్నర, మొక్కకూ మొక్కకూ అడుగు. అదే ఇందాక చెప్పిన రెండు మంచాల జాగా. పది మొక్కలకే చోటుంటే పదీ వేయండి, కానీ దాన్ని పులుసులో నాలుగు ముక్కల కోసం అనుకోండి, వేపుడు కోసం అనుకోకండి.

గింజ పైపెంకు గట్టిది. ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున్నే విత్తితే నాలుగైదు రోజుల్లో మొలక పైకి వస్తుంది. అయితే పొట్లం విప్పగానే గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే అది మందు పూత. అలాంటివి నానబెడితే పూత కాస్తా నీళ్లలో పోతుంది, ఆ నీళ్లు పారబోసిన చోట కోళ్లు తాగితే ప్రమాదం. వాటిని పొడిగానే విత్తండి, చేతులు కడుక్కోండి. కుదురుకు రెండేసి గింజలు, గోరు లోతున. రెండూ మొలిస్తే బలహీనంగా ఉన్నదాన్ని పెరకకండి, కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పెరికితే పక్కదాని వేరు కదులుతుంది. బెండకు వేరు కదలడం పడదు. మిరప నారులా పోసి నాటే మొక్క కాదు ఇది. నర్సరీలో చిన్న కప్పుల్లో పెంచి అమ్మే బెండ నారు కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

రకాల సంగతి చెప్పే ముందు ఒక చిన్న ముచ్చట. 1960లలో తంజావూరు రైతులు ఏడీటీ 27 అనే వరి వంగడాన్ని రేడియోలో విని వేసుకున్నారు, దానికి రేడియో వడ్లు అని పేరే పడిపోయింది. కాబట్టి నేను ఇక్కడ కూర్చుని ఒక రకం పేరు చెప్పడానికి కొంచెం భయపడాలి. భయపడే చెబుతున్నాను.

బెండకు అసలు శత్రువు ఒక వైరస్. మనం పల్లాకు తెగులు అంటాం. ఆకు ఈనెలు పసుపు వల అల్లినట్టు మెరుస్తాయి, తరవాత ఆకంతా పసుపవుతుంది, కాయ పాలిపోయి గట్టిపడి చిన్నదిగా ఉండిపోతుంది. 1924లో బొంబాయి ప్రెసిడెన్సీలో దీన్ని మొదటిసారి గుర్తించి రాశారు. నలభై ఏళ్లలోపే దేశమంతా పాకింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో హర్భజన్ సింగ్, ఆయన సహచరులు బెంగాల్ నుంచి వచ్చిన ఒక బెండను పూసా మఖ్మలీతో కలిపి 1960 ప్రాంతంలో పూసా సావనీ తెచ్చారు. చాలా ఏళ్లు అది దేశం మొత్తాన్ని ఏలింది. మెల్లగా వైరస్ దానికీ అలవాటు పడింది. అప్పుడు శాస్త్రవేత్తలు అడవి బెండల వైపు చూశారు. 1980లలో పర్భణీ నుంచి పర్భణీ క్రాంతి, ఆ తరవాత బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్క అనామిక, అర్క అభయ్ వచ్చాయి. అడవి జాతి ఓర్పు కూరబెండలోకి ఎక్కించిన రకాలివి. ఇప్పుడు వాటికీ ఆ తెగులు కొన్నిచోట్ల సోకుతోంది. పరుగు ఆగలేదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం సంకర రకాలు, ప్రైవేటు కంపెనీల సంకరాలు ఆ పరుగులో తరవాతి అడుగులు.

పెరటికి నేను అర్క అనామికనే చెబుతాను. సంకరాల కన్నా కాపు తక్కువ, ఒప్పుకుంటాను. కానీ అందులో గింజ దాచుకుంటే మళ్లీ అదే మొలుస్తుంది. ఎర్ర బెండ కావాలని మనవళ్లు మారాం చేస్తే వారాణసీ కూరగాయల పరిశోధన సంస్థ 2019లో విడుదల చేసిన కాశీ లాలిమ ఉంది. చూడముచ్చటగా ఉంటుంది, వండితే ఎరుపు పోతుంది.

పల్లాకు తెగులుకు మందు లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే దుకాణంలో అడిగితే ఏదో ఒక సీసా చేతిలో పెడతారు. ఆ సీసాలోది దోమకు మందు, వైరస్‌కు కాదు. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలి తెగులు మోస్తుంది. విత్తిన అయిదు వారాల్లోపు సోకితే ఆ మొక్క నుంచి దాదాపు ఏమీ రాదు. రెండు నెలలు దాటాక సోకితే కొంత కాపు దక్కుతుంది. అందుకని మొదటి అయిదు వారాలే కాపలా. రోజూ పొద్దున ఆకు తిరగేసి చూడండి. పై నుంచి చూస్తే బెండ తోట ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, కథంతా ఆకు కింద నడుస్తుంది. తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంక, ఎర్రనల్లి అన్నీ అక్కడే కాపురం. ఈనె పసుపు కనిపించిన మొక్కను ఆ రోజే సంచి కప్పి పెరికి పారేయండి. ఇంకా నాలుగు ఆకులు బాగున్నాయి కదా అని జాలిపడితే పక్కనున్న ఇరవైకీ అంటుతుంది.

పసుపు జిగురు అట్టలు కట్టుకోవచ్చు. దోమ ఎంత ఉందో చెప్పడానికి బాగా పనికొస్తాయి, దోమను మొత్తం పట్టేస్తాయనుకోకండి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కొంచెం సబ్బునీళ్లు. సాయంత్రం పూట, ఆకు అడుగున తడిసేలా, వారానికోసారి. కొడుముడి డాక్టరు నటరాజన్ ప్రచారంలోకి తెచ్చిన పంచగవ్యం తమిళనాడులో చాలామంది వాడతారు, లీటరుకు ముప్పై మిల్లీలీటర్లు. అది మొక్కకు బలం. దాన్ని పురుగుమందు అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

పురుగుమందు ఎందుకు వద్దంటానో చెబుతాను. ప్రతి మందు సీసా మీదా, కొట్టాక ఇన్ని రోజులు ఆగి కాయ కోయాలని రాసి ఉంటుంది. బెండను రోజు విడిచి రోజు కోయాలి. రెండు రోజులు ఆగితే కాయ పీచుపడుతుంది. మరి ఆ ఆగడం ఎక్కడ కుదురుతుంది? బజారు బెండలో ఉన్న ఇరకాటం ఇదే. రైతు తప్పు అనను, పంట స్వభావం అలాంటిది. కోత తప్పించలేడు, పురుగును చూసి ఊరుకోలేడు. మన పెరట్లో ఇరవై మొక్కలకు చేతులూ కళ్లూ చాలు, ఇరవై వేల మొక్కలకు చాలవు. ఇంట్లో బెండ పండించుకోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదొక్కటే. రూపాయల మిగులు చూసుకుంటే పెద్దగా ఏమీ లేదు.

కొస మొవ్వు వాలిపోయి కనిపిస్తే లోపల పురుగు దూరింది. పత్తి కాయను తొలిచే మచ్చల పురుగే ఇది. బెండ, పత్తి, మందారం, గోంగూర ఒకే కుటుంబం, పురుగులూ ఉమ్మడే. వాలిన చోటికి రెండంగుళాల కింద కత్తిరించి, తుంచిన ముక్కను నలిపేయండి. పక్క కొమ్మలు వస్తాయి. చిల్లు పడ్డ కాయలను చెట్టున ఉంచకండి, చెత్తకుప్పలో వేయకండి. నీళ్ల బకెట్టులో ముంచి తరవాత పారేయండి. పెరటి మూల మందార చెట్టుకు పిండినల్లి పట్టి ఉంటే చీమలు దాన్ని మోసుకొచ్చి బెండ మీద పెడతాయి. ముందు మందారాన్ని బాగుచేసుకోండి. గోడ పక్క తుత్తురబెండ కలుపు మొలిచి ఉంటే పీకేయండి, అది కూడా ఈ పురుగులకు విడిది.

సందేహం వస్తే తిరూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం నడుపుతోంది. తెగులున్న ఆకును కవరులో పెట్టి తీసుకెళ్లి చూపించండి. ఫోనులో ‘ఆకు పసుపుగా ఉందండీ’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. పసుపు ఆకుకు అరడజను కారణాలుంటాయి.

ఇక కోత. బెండ పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది. పసుపు రేకులు, లోపల ముదురు మెరూన్ రంగు. మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ పువ్వు ఎండిన అయిదో రోజుకో ఆరో రోజుకో కాయ కోతకొస్తుంది. వాన పడ్డ మర్నాడు ఇంకా ముందే. కొస విరిస్తే టప్పున విరగాలి. వంగి ఊరుకుంటే ముదిరింది. మొక్క మీద నూగు ఉంటుంది, కొందరికి చేతులు దద్దురు లేస్తాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కోయండి. చేత్తో లాగితే కాండం చీరుకుంటుంది, చిన్న కత్తి వాడండి. ముదిరిపోయింది, వండటానికి పనికిరాదు అని చెట్టునే వదిలేసిన కాయ చేసే నష్టం చాలామందికి తెలియదు. మొక్క బలమంతా ఆ కాయలోని గింజలకు పోతుంది, కొత్త పూత ఆగిపోతుంది. ఊరికి వెళ్లేవాళ్లు పక్కింటి వదినగారికి కోసుకోమని చెప్పి వెళ్లండి. ఆవిడ కూర వండుకుంటుంది, మీ మొక్క కాపు నిలబెట్టుకుంటుంది.

వంట గురించి నేను మీకు చెప్పేదేమీ లేదు. కడిగి తుడిచి ఆరాక కోయాలని, బంక విడవాలంటే పులుపు తగలాలని, ఉప్పు చివర్లో వెయ్యాలని మీ అమ్మలే చెప్పి ఉంటారు. పెరటాసి శనివారం మజ్జిగ పులుసులో బెండ ముక్కలు వేసే ఇళ్లు ఇటు చాలా ఉన్నాయి. మనం వదిలించుకోవాలని చూసే ఆ బంకే పశ్చిమ ఆఫ్రికాలో పులుసుకు ప్రాణం. అక్కణ్ణించి బానిసలుగా పట్టుకుపోయిన మనుషులతో బెండ అమెరికా చేరింది. లూసియానాలో గంబో అనే పులుసు చిక్కబడేది ఒక్కోసారి బెండతోనే. ప్రపంచంలో పండే బెండలో సగానికి పైన ఇప్పుడు మన దేశంలోనే పండుతోంది.

మన పిల్లలు డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఇళ్లు కొనుక్కుని పెరట్లో బెండ వేస్తున్నారు. అక్కడ తేలిగ్గా దొరికే పొట్లం క్లెమ్సన్ స్పైన్‌లెస్, దక్షిణ కరొలైనాలోని క్లెమ్సన్ కళాశాల 1939లో ఇచ్చిన రకం. నూగు తక్కువ. మన రకాల కన్నా లావు, గట్లు ఎక్కువ. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు మన ఆడి లెక్క పనికిరాదు. అక్కడ మంచు భయం పోయి నేల వెచ్చబడేసరికి మే సగం దాటుతుంది, సెప్టెంబరు చివరకే చలి. ఒక్క కాపుకే వేళ ఉంటుంది. ఇక్కణ్ణించి గింజలు కట్టి పంపమని అడిగితే మాత్రం పంపకండి. విత్తనాల మీద ఆ దేశపు నిబంధనలు కఠినం, విమానాశ్రయంలో తీసేస్తారు.

చివరగా గింజ దాచడం. సంకర రకం గింజ దాచవద్దు, మరుసటి ఏటి మొక్కలు తలొక తీరుగా వస్తాయి. అర్క అనామికలాంటి మామూలు రకమైతే, పెరటాసి మొదట్లోనే ఆరోగ్యంగా, పల్లాకు లేకుండా, గనుపులు దగ్గరగా ఉన్న మొక్కలు రెండు ఎంచుకుని దారం కట్టండి. వాటి మీద మొదటి కాయలు కోసుకుని, తరవాత వచ్చే నాలుగైదు కాయలను వదిలేయండి. దారం ఎందుకంటే, ఇంట్లో ఎవరో ఒకరు తెలియక ఆ కాయలు కోసేస్తారు. పువ్వు పూసిన నెల, నెలా అయిదు రోజులకు కాయ ఎండి గట్లు పగులుతాయి. వాన మొదలయ్యే సూచన ఉంటే పూర్తిగా పగిలేదాకా ఆగకండి, గోధుమ రంగు తిరిగిన కాయను కోసి ఇంట్లో నీడన ఆరబెట్టండి. తడిసిన కాయలో గింజ చెట్టు మీదే బూజు పడుతుంది. ఒక్కో కాయలో నలభై, యాభై గింజలుంటాయి, రెండు కాయలతోనే వచ్చే ఏడాది పెరడు నిండుతుంది. పక్కింటివాళ్లు వేరే రకం వేసి ఉంటే తేనెటీగలు కొంత కలుపుతాయి. ఆ పూలకు ముందు రోజు సాయంత్రం చిన్న గుడ్డ సంచి తొడిగితే అదీ ఉండదు, బెండ తనంతట తానే కాయ కడుతుంది.

గింజలు బూడిదలో కలిపి, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, రకం పేరు, నెల రాసి పెట్టండి. రెండో ఏడు దాటితే మొలకెత్తే శక్తి తగ్గుతుంది. అందుకని ఆడి పుట్టగానే పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఒక మూల పెట్టండి. అయిదు రోజుల్లో ఏడో ఎనిమిదో మొలిస్తే ఆ సీసా విత్తనం చాలు. నాలుగే మొలిస్తే కుదురుకు నాలుగేసి గింజలు వేయండి. ఒకటీ రెండూ మొలిస్తే కొత్త పొట్లం కొనుక్కోండి, ఆడి పద్దెనిమిదికి ఇంకా రోజులుంటాయి.